ఆనకట్టలను ఛేదించిన వైమానికుడు: గై గిబ్సన్ జీవితము

జలము ప్రాణాధారము. వర్షాకాలమున పొర్లిపోవు నీటిని నిలిపి, వేసవిలో పొలములకును పురములకును అందించుటకై మానవుడు నిర్మించిన ఆనకట్టలు అతని శ్రమకును దూరదృష్టికిని నిదర్శనములు. ఆనకట్ట తెగినచో దిగువనున్న జనుల గతి యేమగునో ఏటిగట్టున నివసించువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆనకట్టను కాపాడినవానిని లోకము వీరుడనును. దానిని పడగొట్టినవాడు వీరుడనిపించుకొనుట చరిత్రలో అరుదు. రెండవ ప్రపంచయుద్ధ మధ్యమున, 1943 మే నెలలో ఒక వెన్నెల రాత్రి, 24 ఏండ్ల యువకుడొకడు శత్రుదేశపు ఆనకట్టలను పడగొట్టుటకు పంపబడెను. అతడు పోయెను, పని నెఱవేర్చెను, తిరిగివచ్చెను. అతనితో పోయినవారిలో 53 మంది ఆ రాత్రియే మరణించిరి. లోయలలో నిద్రించుచున్నవారిలో వేయిమందికి పైగా నీట మునిగి చనిపోయిరి. ఆ యువకుడే గై గిబ్సన్. అతని జీవితము 26 ఏండ్లకే ముగిసినను, సాహసమనగా నేమి, దాని వెల యెంత యను ప్రశ్నలను అది తరతరములకు మిగిల్చినది.

గిబ్సన్ ఆంగ్లేయుడైనను అతని జన్మస్థానము భారతదేశమే. 1918వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన సిమ్లాలో అతడు జన్మించెను. తండ్రి అలెగ్జాండర్ గిబ్సన్ ఇచ్చటి అడవుల శాఖలో ఉద్యోగి. తల్లి లియొనోరా ఇంగ్లండు నైఋతి మూలనున్న కార్న్‌వాల్ సముద్రతీరమునకు చెందినది. ముగ్గురు బిడ్డలలో గై కనిష్ఠుడు. తలిదండ్రులకు పొత్తు కుదరలేదు. గైకు ఆరేండ్ల ప్రాయమున తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని ఇంగ్లండునకు వెడలిపోయెను. తండ్రి భారతదేశమున నిలిచెను. ఆ తల్లి క్రమముగ మద్యపానమునకు లోబడి, 1939లో కాలిన గాయములచే దుర్మరణము పొందెను. గిబ్సన్ బాల్యమంతయు వసతి పాఠశాలలలో గడచెను. ఇల్లు అను మాటకు గల చల్లదనమును అతడెక్కువగ ఎఱుగడు. పిమ్మట విమానదళములోని భోజనశాలయు, తోటివారి నవ్వులును అతనికి ఇల్లయ్యెననిన అతిశయోక్తి కాదు.

ఆక్స్‌ఫర్డు నగరమందలి సెయింట్ ఎడ్వర్డ్స్ పాఠశాలలో చదువుకొను దినములలో గిబ్సన్ సామాన్య విద్యార్థి. చదువునను ఆటలందును మేటి యని పేరు పొందలేదు. పొట్టివాడు. కాని పట్టినపట్టు విడువనివాడు. విమానములను నడుపవలెనను కోరిక చిన్ననాటనే అతనిలో నాటుకొనెను. యుద్ధము చేయవలెనని కాదు. క్రొత్త విమానములను పరీక్షించి చూచు పైలట్ కావలెనని అతని ఆశ. ఈ విషయమై విక్కర్స్ విమాన కర్మాగారమునకు లేఖ వ్రాయగా, అచ్చటి ముఖ్య పరీక్షకుడు సమ్మర్స్, మొదట రాజకీయ విమానదళమున చేరి విమానచోదనము నేర్చుకొమ్మని సలహా ఇచ్చెను. గిబ్సన్ దరఖాస్తు మొదట తిరస్కరింపబడెను. అతడు మరల ప్రయత్నించి 1936 నవంబరులో దళమున చేరెను. కొన్ని వత్సరములు సేవచేసి బయటికి పోవలెనని అతడు తలచెను. ఇంతలో 1939 సెప్టెంబరు 3వ తేదీన యుద్ధము ప్రకటింపబడెను. ఆ దినముననే అతడు హాంప్డెన్ అను బాంబరు విమానమున శత్రునౌకలను వెదకుచు ఉత్తర సముద్రముపై ఎగిరెను.

నాటినుండి మూడున్నర వత్సరములు గిబ్సన్‌కు యుద్ధమే జీవితమయ్యెను. ఆ కాలమున బాంబరు దళమున చేరిన వైమానికుడు తన వంతు దాడులు ముగియువఱకు జీవించుట కష్టము. గిబ్సన్ మొదటి వంతు ముగించెను. అలసిన పైలట్లను సాధారణముగ శిక్షణ పాఠశాలలకు పంపుదురు. అతడు విశ్రాంతిని కోరక, రాత్రివేళ శత్రువిమానములను వేటాడు బ్యూఫైటర్ దళమున చేరి ఒక వత్సరము పని చేసెను. నడుమ 1940 నవంబరులో ఈవ్ మూర్ అను నటిని వివాహమాడెను. 1942 ఏప్రిలులో మరల బాంబరు దళమునకు వచ్చి, 106వ స్క్వాడ్రన్‌కు అధిపతియయ్యెను. అప్పటికతని వయస్సు 23 మాత్రమే. క్రమశిక్షణ విషయమున అతడు కఠినుడు. క్రింది ఉద్యోగులలో కొందఱకు అతడనిన కోపమును ఉండెను. కాని కష్టమైన దాడులకు తానే ముందు నడచునని ఎల్లరు నెఱుగుదురు. 1943 మార్చి నాటికి అతడు 170కి పైగా యుద్ధయాత్రలు చేసియుండెను. ఇక విశ్రాంతి లభించునని తలచుచున్న సమయమున పై అధికారి అతనిని పిలిపించి, ఇంకొక్క దాడి చేయుదువా యని అడిగెను. అది యెచ్చటనో, దేనిపైననో చెప్పలేదు. గిబ్సన్ అంగీకరించెను.

ఆ దాడికి మూలపురుషుడు వేఱొకడు. ఆయన సైనికుడు కాడు. బార్న్స్ వాలిస్ అను ఇంజనీరు. 1887లో జన్మించిన ఈ మేధావి విక్కర్స్ సంస్థలో విమానములకు రూపకల్పన చేయుచుండెను. యుద్ధమును త్వరగ ముగింపవలెననిన, శత్రువు ఆయుధములు చేయు శక్తికి మూలమును దెబ్బతీయవలెనని ఆయన వాదము. జర్మనీ పడమటి భాగముననున్న రూర్ ప్రాంతము ఉక్కునకును బొగ్గునకును కేంద్రము. ఉక్కు తయారు చేయుటకు నీరు విస్తారముగ కావలెను. ఆ నీటిలో అధికభాగము ఆ ప్రాంతపు కొండలలోని జలాశయములనుండి వచ్చుచుండెను. వానిలో ముఖ్యమైనది మోనె ఆనకట్ట. 1913లో పూర్తియైన ఆ రాతికట్టడము పొడవు 650 మీటర్లు, ఎత్తు 40 మీటర్లు, అడుగున మందము 34 మీటర్లు. దాని వెనుక 13 కోట్ల ఘనపు మీటర్ల నీరు నిలుచును. తూర్పుననున్న ఏడర్ ఆనకట్ట వెనుక 20 కోట్ల ఘనపు మీటర్లు నిలుచును. అంత మందముగల గోడపై ఆకాశమునుండి సామాన్యమైన బాంబులెన్ని వేసినను ప్రయోజనము లేదు. గోడను అంటిపెట్టుకొని, నీటిలోతున ప్రేలినప్పుడు మాత్రమే నీటి ఒత్తిడియే సాయపడి గోడ పగులును. నీటిలో టార్పెడోలను విడుతమనిన, గోడకు ముందు ఉక్కు వలలు కట్టియుండెను.

ఈ చిక్కును విడదీయుటకు వాలిస్‌కు తోచిన ఉపాయము పిల్లల ఆటవంటిది. చెఱువుగట్టున నిలిచి పలుచని పెంకును విసరినచో అది మునుగక నీటిపై గంతులు వేయుచు పోవుట అందఱును చూచినదే. బాంబును కూడ అటులే వలలపైగా గంతులు వేయించి గోడను చేర్చవచ్చునని ఆయనకు తట్టెను. 1942లో ఇంటి ఆవరణలో నీళ్లతొట్టి నుంచి, పిల్లలాడుకొను గోళీలను దానిపైకి విసరి పరీక్షించెను. వేల్సు దేశమున నిరుపయోగముగ నున్న చిన్న ఆనకట్టనొకదానిని ప్రేలుడు పదార్థముతో పగులగొట్టి, ఎంత మందు కావలెనో లెక్కకట్టెను. పెద్ద అధికారులలో పలువురు ఇది వెఱ్ఱి యూహ యని త్రోసివేసిరి. 1943 ఫిబ్రవరి చివరకు అనుమతి లభించెను. జలాశయములు నిండియుండు మే నెల దాటినచో అవకాశము పోవును. మిగిలినవి పదునొకండు వారములు మాత్రమే.

మార్చి నెలలో ఇంగ్లండు తూర్పుభాగమందలి స్కాంప్టన్ విమానకేంద్రమున 617వ స్క్వాడ్రన్ అను క్రొత్త దళము ఏర్పడెను. గిబ్సన్ దానికి నాయకుడు. అందులో బ్రిటనువారే కాక సుమారు 30 మంది కెనడియనులు, 13 మంది ఆస్ట్రేలియనులు, ఇద్దఱు న్యూజీలాండువారు, ఒక అమెరికా పైలట్ కలరు. అధికులు 20, 25 ఏండ్ల యువకులు. గిబ్సన్‌ను వాలిస్ వద్దకు తోడ్కొనిపోయినవాడు, పూర్వము బాలుని లేఖకు ప్రత్యుత్తరమిచ్చిన సమ్మర్సే. గంతులు వేయు బాంబును గూర్చి వాలిస్ గిబ్సన్‌కు చెప్పెను గాని, లక్ష్యమేదో చెప్పుటకు అప్పుడాయనకు అనుమతి లేకుండెను. పిమ్మట గిబ్సన్‌కు లక్ష్యములు తెలుపబడెను. తక్కిన వైమానికులలో అధికులకు దాడి జరుగు దినమువఱకు తెలియనే లేదు. ఆ రహస్యభారమును రెండు నెలలు మోయవలసినవాడు గిబ్సన్.

వారికి విధింపబడిన నియమములు విన్నవారికి ఆశ్చర్యము కలుగక మానదు. లాంకాస్టర్ అనునది నాలుగు ఇంజనులు గల భారీ విమానము. సామాన్యముగ అది వేల అడుగుల ఎత్తున ఎగురును. ఈ దాడిలో మాత్రము రాత్రివేళ, వెన్నెలలో, నీటిపై 60 అడుగుల ఎత్తున, గంటకు 230 మైళ్ల వేగముతో పోవలెను. అంతకంటె ఎక్కువ ఎత్తైనచో బాంబు పగిలిపోవును. తక్కువైనచో ఎగసిన నీరు విమానమునే కొట్టును. ఎత్తును కొలుచుట కొక తేలికైన ఉపాయము కనుగొనిరి. విమానము ముందువైపున ఒకటి, క్రింద ఒకటి దీపములు అమర్చిరి. సరిగ 60 అడుగుల ఎత్తున రెండు కాంతులును నీటిపై ఒక్కచోట కలియును. దూరమును కొలుచుటకు మూడు కోణముల చెక్కముక్కయు, రెండు మేకులును చాలెను. ఆనకట్టపైనున్న రెండు బురుజులును ఆ రెండు మేకులతో సరిపోయినప్పుడు బాంబు వదలవలెను. పీపా ఆకారముననున్న ఆ బాంబు బరువు 9,000 పౌనులకు పైబడినది. వదలుటకు ముందు దానిని నిమిషమునకు 500 మార్లు వెనుకకు గిరగిర త్రిప్పవలెను. ఆ భ్రమణముచే అది నీటిపై గంతులు వేసి, గోడను తాకి, గోడను అంటుకొనియే క్రిందికి దిగి, 30 అడుగుల లోతున ప్రేలును. ఇంగ్లండులోని జలాశయములపై వారు రేయింబవళ్లు అభ్యాసము చేసిరి.

1943 మే 16వ తేదీ రాత్రి తొమ్మిదిన్నర గంటల ప్రాంతమున విమానములు బయలుదేర నారంభించెను. మొత్తము 19 విమానములు. ఒక్కొక్కదానిలో ఏడుగురు చొప్పున 133 మంది. గిబ్సన్ ప్రియముగ పెంచుకొన్న నల్లని కుక్క దాడికి ముందే కారు క్రింద పడి మరణించెను. అపశకునమని తోటివారి మనస్సు చెదరునేమోనని అతడు దుఃఖమును లోననే అణచుకొని, తాను జర్మనీపై నున్న సమయమున, అర్ధరాత్రివేళ దానిని పూడ్చిపెట్టుడని చెప్పి విమానమెక్కెను. దళము మూడు భాగములుగ విడిపోయెను. గిబ్సన్ నాయకత్వమున తొమ్మిది విమానములు మోనె, ఏడర్ ఆనకట్టలకు పోవలెను. అయిదు విమానములు సోర్పె అను మట్టికట్టకు పోవలెను. తక్కిన అయిదును అవసరమును బట్టి ఉపయోగపడవలెను. శత్రువుల రాడార్‌కు అందకుండుటకై చెట్లకొమ్మలను రాచుకొనునట్లు ఎగిరిపోయిరి. ఆ తక్కువ ఎత్తే కొందఱకు మృత్యువయ్యెను. ఆస్టెల్ నడుపు విమానము విద్యుత్తు తీగలకు తగిలి కూలెను. సోర్పెకు పోవు దళమున రెండు విమానములు దారిలోనే నశించెను. మఱి రెండు దెబ్బతిని వెనుకకు మరలెను. మెకార్తీ అను అమెరికనుడొక్కడే ఆ దళమునుండి గమ్యము చేరెను.

అర్ధరాత్రి దాటిన అరగంట సమయమునకు గిబ్సన్ మోనె జలాశయముపై మొదటి దాడి చేసెను. బురుజులపైనుండి ఫిరంగులు నిప్పులు గ్రక్కుచుండెను. బాంబు గంతులు వేసి పోయి ప్రేలెను. నీరు స్తంభమువలె ఆకాశమున కెగసెను. కాని గోడ నిలిచెను. రెండవవాడు హాప్‌గుడ్. దారిలోనే గాయపడియున్నను వెనుదిరుగలేదు. ఫిరంగి దెబ్బలకు అతని విమానము మండెను. బాంబు గోడను దాటి అవతలి విద్యుత్కేంద్రముపై పడెను. తోటివారు దుముకుటకు వీలుగ విమానమును పైకెత్తుటకు అతడు కడవఱకు యత్నించెను. ఇద్దఱు బ్రతికి శత్రువులకు చిక్కిరి, హాప్‌గుడ్ మరణించెను. ఇక మార్టిన్ వంతు. అప్పుడు గిబ్సన్ చేసిన పని అతని కీర్తికి మూలము. తన బాంబు అయిపోయినది. అతడు దూరముగ తిరుగుచు ఆజ్ఞలీయవచ్చును. అట్లు చేయక, మార్టిన్ విమానము ప్రక్కనే ఎగురుచు, ఫిరంగుల గుఱిని తనవైపునకు త్రిప్పుకొనెను. మార్టిన్ బాంబు ప్రక్కకు తొలగెను. నాలుగవదగు యంగ్ బాంబు సరిగ తగిలెను. గిబ్సన్ మరల తన విమానమును నిప్పులకు ఎదురొడ్డెను. అయిదవవాడగు మాల్ట్‌బీ సమీపించునప్పటికి గోడ నెఱ్ఱెలు విచ్చుచుండెను. అతని బాంబును ప్రేలెను. 12 గంటల 49 నిమిషములకు ఆనకట్ట తెగి, 76 మీటర్ల వెడల్పున గండిపడెను.

పని అంతతో ముగియలేదు. బాంబులు మిగిలిన మూడు విమానములను వెంటబెట్టుకొని గిబ్సన్ ఏడర్‌కు సాగెను. అచ్చట ఫిరంగులు లేవు, కొండలే కావలి. నిటారుగ లోయలోనికి దిగి, వెంటనే మలుపు తిరిగి, బాంబు వదలి, ఎదుటి కొండను దాటి లేవవలెను. షానన్ పలుమార్లు యత్నించి బాంబు వదలెను. మాడ్స్‌లీ బాంబు గోడపై అంచును తాకి ప్రేలగా అతని విమానమే దెబ్బతినెను; తిరుగుప్రయాణమున అది కూల్చబడెను. చివరి బాంబు ఆస్ట్రేలియనుడగు లెస్ నైట్ చేతిలోనుండెను. 1 గంట 52 నిమిషములకు అది ఏడర్ గోడను ఛేదించెను. సోర్పె మట్టికట్ట మాత్రము దెబ్బలు తినియు నిలిచెను. తెల్లవారునప్పటికి 19 విమానములలో ఎనిమిది తిరిగిరాలేదు. వానిలోని 56 మందిలో 53 మంది మరణించిరి, ముగ్గురు బందీలైరి. మోనె గోడను పగులగొట్టిన యంగ్ కూడ హాలండు తీరమున, సముద్రము చేరిన పిదప, కూల్చబడి చనిపోయెను.

ఆ వేళ లోయలో జరిగినదానిని ఆకాశమునుండి సంపూర్ణముగ చూచినవాడెవడును లేడు. మోనె నీరు కొండంత అలయై లోయ వెంట దిగెను. ఊళ్లు, వంతెనలు, కర్మాగారములు, రైలుమార్గములు దాని పాలయ్యెను. ఒక గ్రామమున పురోహితుడు జనులను మేల్కొల్పుటకై చర్చి గంట మ్రోగించుచు తాను నీట మునిగిపోయెను. నేహైమ్ పట్టణము చెంత విదేశ కూలీల శిబిరముండెను. యుక్రెయిన్, రష్యా, పోలండు దేశములనుండి జర్మనులు బలవంతముగ తెచ్చి పని చేయించుచున్న స్త్రీలు అందులో వందలకొలది యుండిరి. వారు హిట్లరు పక్షమువారు కారు; హిట్లరు బానిసలు. ఎవరి విముక్తికై ఆ యుద్ధము సాగుచుండెనో వారే, విముక్తి తెచ్చువారి చేతి బాంబు వదలిన నీటిలో, కొయ్యగుడిసెలతో సహా కొట్టుకొనిపోయిరి. మరణించినవారి సంఖ్య 1,300 నుండి 1,600 వఱకు నని పరిశోధకుల అంచనా. వారిలో సగమునకు మించినవారు విదేశీయులే.

గిబ్సన్ ఈ విషయమును దాచిపెట్టలేదు. తరువాత తాను వ్రాసిన గ్రంథమున, దిగువ జనులు మునిగిపోవుదురను సంగతి తమకు ముందుగ తోచలేదనియు, ఆనకట్ట కాపలాదారులు వారిని హెచ్చరింతురని ఆశించితిమనియు, సామూహిక సంహారమునకు కర్తలగుట తమకిష్టము కాదనియు అతడు వ్రాసెను. యుద్ధకాలమున, విజయగర్వముతో దేశమంతయు ఉప్పొంగుచున్నప్పుడు, విజేతయే అట్లు వ్రాయుట సామాన్యము కాదు.

దాడి మఱునాడు వాలిస్ 56 మంది తిరిగిరాలేదని విని కన్నీరు విడిచెను. తన తొట్టిలోని గోళీలు అందఱును మరల ఇంటికి వచ్చు ఆటగ ముగియలేదని ఆయనకప్పుడు తెలిసెను. బ్రతికివచ్చినవారు సెలవుపై ఇండ్లకు పోయిరి. గిబ్సన్ మాత్రము కేంద్రముననే నిలిచి, దళపు కార్యదర్శితో కలసి, తిరిగిరానివారి కుటుంబములకు లేఖలు వ్రాయు పనిలో మునిగెను. తల్లి ఒడి చల్లదనమునకు దూరమైన ఆ యువకుడు పరుల తల్లులను ఓదార్చు లేఖలపై సంతకము చేయవలసివచ్చెను. ఫిరంగులకు ఎదురేగుటకంటె ఆ పని సులభమని తలపరాదు.

దేశము అతనికి నీరాజనము పట్టెను. రాజదంపతులు స్కాంప్టన్‌కు వచ్చి దళమును చూచిరి. జూన్ 22వ తేదీన రాజభవనమున 34 మందికి పతకములు లభించెను. గిబ్సన్‌కు బ్రిటిషు సైనిక గౌరవములలో అత్యున్నతమగు విక్టోరియా క్రాస్ లభించెను. ప్రధాని చర్చిల్ అతనిని వెంటబెట్టుకొని కెనడాకు తీసికొనిపోయెను. కెనడా, అమెరికా దేశములలో నెలల తరబడి అతడు సభలలో ప్రసంగించెను. తిరిగివచ్చిన పిదప అధికారులు అతనికి బల్లముందు పనినిచ్చి, గ్రంథము వ్రాయుమనిరి. ఒక రాజకీయపక్షము పార్లమెంటు స్థానమునకు అభ్యర్థిగ ఎన్నుకొనగా, కొలదికాలమునకే అతడు దానినుండి తప్పుకొనెను. ఇట్టి కీర్తిమంతుని శత్రువులకు అప్పగింపరాదని ప్రభుత్వము తలచెను. అతని మనస్సు మాత్రము విమానముల చెంతనే యుండెను. తోటివారొక్కరొక్కరే నేలకొరుగుచుండగా తాను సభలలో పూలమాలలు ధరించుట అతనికి భారమయ్యెను.

నిజమునకు ఆ తోటివారి కథ విషాదకరమైనది. మే 16వ తేదీ రాత్రి గిబ్సన్ విమానముననున్న ఆరుగురిలో నలుగురు అదే సంవత్సరము సెప్టెంబరులో మఱియొక నాయకుని క్రింద ఒక కాలువపై దాడికి పోయి ఒక్కసారిగ మరణించిరి. తక్కిన ఇద్దఱును 1944 ప్రారంభ మాసములలో చనిపోయిరి. మోనెను చీల్చిన మాల్ట్‌బీయు ఆ సెప్టెంబరులోనే సముద్రమున కూలెను. ఏడర్‌ను ఛేదించిన లెస్ నైట్, చెట్లను తాకి చెడిపోయిన విమానమును నిలిపి, తనవారందఱును పారాషూట్లతో దుముకువఱకు నడిపి, హాలండులో ఒక గ్రామము చెంత కూలి మరణించెను. ఆనకట్టల దాడినుండి తిరిగివచ్చిన 77 మందిలో 32 మంది యుద్ధము ముగియకమునుపే నేలకొరిగిరి.

పోరిపోరి అడుగగా గిబ్సన్‌కు మరల ఎగురుటకు అనుమతి లభించెను. 1944 సెప్టెంబరు 19వ తేదీ రాత్రి అతడు మస్కిటో అను తేలిక విమానమున జర్మనీలోని రైట్, మ్యూన్షన్‌గ్లాడ్‌బాఖ్ పట్టణములపై జరుగు దాడిని నిర్వహించుటకు పోయెను. దాడి ముగిసెను. తిరుగుప్రయాణమున హాలండులోని స్టేన్‌బెర్గెన్ గ్రామము చెంత విమానము కూలెను. గిబ్సన్‌యు, దారిచూపు ఉద్యోగియగు జిమ్ వార్విక్‌యు మరణించిరి. కూలుటకు కారణము నేటికిని నిర్ధారణ కాలేదు. అప్పటికి ఆ గ్రామము ఇంకను జర్మనుల అధీనమున నుండెను. అయినను గ్రామస్థులు వారిరువురిని తమ శ్మశానముననే ఖననము చేసిరి. నేటికిని ఆ సమాధులు అచ్చటనే కలవు. ఆ ఊర ఒక వీథికి గిబ్సన్ పేరు పెట్టిరి. సిమ్లా కొండలలో కనులు తెఱచిన శిశువు హాలండు పల్లపు నేలలో 26 ఏండ్లకు కనులు మూసెను.

ఆ దాడి ఫలమెంత యను ప్రశ్నపై చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. వాలిస్ ఆశించినట్లు రూర్ కర్మాగారములు స్తంభించిపోలేదు. జర్మనులు వేలాది కూలీలను రాబట్టి, మోనె గోడను 1943 సెప్టెంబరు చివరిలోగానే తిరిగి కట్టిరి. అట్లు కట్టుచున్న సమయమున దానిపై మరల దాడి చేయకపోవుట బ్రిటిషువారి లోపమని పలువురి అభిప్రాయము. అయినను ఆ కూలీలలో పలువురు ఫ్రాన్సు తీరమున కోటలు కట్టుచుండగా అచ్చటినుండి మరలింపబడినవారు. యుద్ధముచే అలసిన బ్రిటిషు ప్రజలకు ఆ రాత్రి ఇచ్చిన ధైర్యము లెక్కకు అందదు. ఇరువైపుల వాదములును సత్యమే.

గిబ్సన్ గ్రంథము అతని మరణానంతరము 1946లో వెలువడెను. సైనిక రహస్యములని పూర్వము తొలగించిన భాగములతో సంపూర్ణ ప్రతి 2003లో ప్రచురింపబడెను. వాలిస్ తనకు యుద్ధకాలపు కృషికై ప్రభుత్వ సంఘమిచ్చిన 10,000 పౌనులను తన కొఱకు ఉంచుకొనక, తాను చదివిన పాఠశాలకిచ్చి, విమానదళమున మరణించినవారి బిడ్డల చదువునకు నిధి నేర్పఱచెను. ఆయన 1979లో పరమపదించెను. 1977లో జెనీవా నగరమున ప్రపంచదేశములు కుదుర్చుకొన్న ఒడంబడికలో, తెగినచో పౌరులకు ఘోర ప్రాణనష్టము కలిగించు ఆనకట్టలపై దాడి చేయరాదని నియమము చేరెను. ఆ రాత్రి దాడిలో పాల్గొన్నవారిలో చివరివాడగు జానీ జాన్సన్ 2022 డిసెంబరులో 101 ఏండ్ల వయస్సున మరణించెను. దానితో ఆ రాత్రిని స్వయముగ ఆకాశమునుండి చూచిన కన్నులన్నియు మూతపడెను.

గిబ్సన్ దేవుడు కాడు, క్రూరుడును కాడు. కఠినుడు, గర్వి యని కొందఱు, తన ప్రాణమును తోటివానికి అడ్డుపెట్టిన నాయకుడని కొందఱు అతనిని గూర్చి చెప్పిరి. ప్రక్క విమానముపై పడవలసిన గుండ్లను తనపైకి పిలుచుకొనిన ఆ క్షణమున అతని గొప్పతనము తెల్లమగుచున్నది. దిగువ లోయలో మునిగినవారిని మఱువక వ్రాసిన పుటలో అతని మానవత్వము తెల్లమగుచున్నది. సమాధి కట్టినవారు హాలండు గ్రామస్థులు. నేహైమ్ శిబిరమున పేరు తెలియక మునిగిన స్త్రీలలో పలువురికి అట్టి సమాధియు లేదు. గ్రంథాలయపు బీరువాలో గిబ్సన్ చరిత్రకు స్థానమున్నచో, ఆ స్త్రీల చరిత్రకును దాని ప్రక్కనే స్థానముండవలెను. ఆ రెండింటిని కలిపి చదివినవానికే ఆ వెన్నెల రాత్రి కథ పూర్తిగ బోధపడును.